ఒకే ఒరలో రెండు కత్తులు: ప్లేఆఫ్స్‌లో ఇద్దరు బిగ్ మ్యాన్‌లను కలిపి ఆడించాలా, విడదీయాలా?

2023 ఏప్రిల్ చివర్లో ఒక తెల్లవారుజామున అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ దశలో) క్లీవ్‌లాండ్ కావలియర్స్, న్యూయార్క్ నిక్స్ ఐదో మ్యాచ్ చూస్తూ కూర్చున్నాను. ఆ సీజన్‌లో ప్రత్యర్థులకు అందరికన్నా తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు క్లీవ్‌లాండ్. రింగ్ దగ్గర ఎవాన్ మోబ్లీ, జారెట్ అలెన్ అనే ఇద్దరు పొడగరులు, అంటే బిగ్ మ్యాన్‌లు, కాపలా. అలాంటి జట్టు మీద నిక్స్ సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడగరి) మిచెల్ రాబిన్‌సన్ ఒక్కడే 18 రీబౌండ్లు (మిస్ అయి తిరిగొచ్చిన బంతులు) పట్టుకెళ్లాడు. వాటిలో 11 తన జట్టువాళ్లు మిస్ చేసిన షాట్లవే. ఇద్దరు ఉండి కూడా ఒక్కణ్ని ఆపలేకపోయారు. 51 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు మొదటి రౌండ్‌లోనే 4-1తో ఇంటికి వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత, 2025 జూన్ 22న ఓక్లహోమా సిటీ థండర్ ఛాంపియన్ అయింది. వాళ్లకీ ఇద్దరు బిగ్ మ్యాన్‌లే: చెట్ హోమ్‌గ్రెన్, ఐజయా హార్టెన్‌స్టీన్. ఒకే పద్ధతి ఒక జట్టును ముంచింది, ఇంకో జట్టుకు కప్పు తెచ్చింది. అందుకే ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఇద్దరు పొడవాటి ఆటగాళ్లున్న ప్రతి జట్టు అభిమానికీ ఇదే టెన్షన్. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు అనే వాళ్ల మాట నిజమా, లేక ఒర కొంచెం వెడల్పు చేస్తే సరిపోతుందా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇద్దరూ కలిసి ఆడగలరా అని మాత్రమే అడిగితే సగమే అడిగినట్టు. అవసరమైన రోజున వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి కూడా గెలవగలమా అన్నది మిగతా సగం. రెండోదానికి జవాబు లేని జట్టు దగ్గర ఇద్దరు బిగ్‌లు ఉంటే నాకు భయమే. జవాబు ఉన్న జట్టు దగ్గర ఉంటే అంతకన్నా బలమైన ఆయుధం ఈ ఆటలో తక్కువ.

సీజన్‌లో కుదిరింది ప్లేఆఫ్స్‌లో ఎందుకు కుదరదు

82 మ్యాచ్‌ల సీజన్‌లో ఈ రోజు ఒక జట్టు, ఎల్లుండి ఇంకో ఊళ్లో ఇంకో జట్టు. ప్రత్యర్థి కోచ్‌కు మీ జట్టును విప్పి చూసే తీరిక ఉండదు. ప్లేఆఫ్స్‌లో ఒకే జట్టుతో ఏడు మ్యాచ్‌ల వరకు ఆడాలి. మధ్యలో రోజు, రెండు రోజులు ఖాళీ. ఆ ఖాళీలో కోచ్‌లు చేసే పని ఒక్కటే: ఎదుటి అయిదుగురిలో ఎవరిని వదిలేసినా నష్టం లేదో కనిపెట్టడం, ఎవరి మీదకు పదేపదే దాడి చేయొచ్చో కనిపెట్టడం.

ఇద్దరు బిగ్‌లు ఉన్న జట్టు ఈ రెండు పరీక్షలకూ దొరుకుతుంది. దాడిలో, బయటి నుంచి షాట్ వేయలేని బిగ్ మ్యాన్ రింగ్ పక్కనే నిలబడతాడు. అతనితో పాటు అతన్ని కాసేవాడూ అక్కడే ఉంటాడు. ఇద్దరు బిగ్‌లంటే రింగ్ దగ్గర కనీసం ఇద్దరు డిఫెండర్లు. గార్డ్ (బయటి నుంచి ఆట నడిపే ఆటగాడు) డ్రిబుల్ చేసుకుంటూ లోపలికి దూసుకొచ్చేసరికి దారి మూసుకుపోయి ఉంటుంది. డిఫెన్స్‌లో సంగతి వేరు. ఎదుటి జట్టులో అయిదుగురూ త్రీలు (దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు) వేసేవాళ్లయితే మీ రెండో బిగ్ ఎవరో ఒక షూటర్‌ను రింగ్ నుంచి ఏడు మీటర్ల దూరంలో కాయాలి. అంత పొడుగు మనిషి అంత దూరం పరిగెత్తి, చేతులు చాచి, మళ్లీ రీబౌండ్‌కు లోపలికి రావాలి. ఒకసారి చేస్తాడు, పదిసార్లు చేస్తాడు. నాలుగో క్వార్టర్‌లో కాళ్లు మాట వినవు.

లాభాలూ చిన్నవి కావు. పిక్ అండ్ రోల్‌లో (బంతి ఉన్నవాణ్ని కాసేవాడికి జట్టువాడు అడ్డు నిలిచి, తర్వాత రింగ్ వైపు పరిగెత్తే ఎత్తు) ఒక బిగ్‌ను బయటికి లాగితే రెండోవాడు రింగ్ దగ్గర ఉంటాడు. 2022లో బోస్టన్ సెల్టిక్స్ ఫైనల్స్ వరకు వెళ్లింది ఈ బలంతోనే. అల్ హార్‌ఫర్డ్ ఎదుటి సెంటర్‌ను కాసేవాడు. రాబర్ట్ విలియమ్స్‌ను మాత్రం త్రీలు అంతగా వేయని ఎవరో ఒకరి మీద పెట్టి, అతన్ని దాదాపు వదిలేయమనేవారు. విలియమ్స్ ఎక్కడి నుంచో ఎగిరొచ్చి షాట్లు కొట్టిపడేసేవాడు.

ఇక రీబౌండ్లు. దీనికి నేను ఒక లెక్క వేసుకుంటాను. ఉదాహరణకు ఒక మ్యాచ్‌లో మీ జట్టు 45 షాట్లు మిస్ చేసిందనుకోండి. ఒకే బిగ్‌తో వాటిలో 10 తిరిగి పట్టుకుంటారని, ఇద్దరితో 14 పట్టుకుంటారని అనుకుందాం. నాలుగు అదనపు అవకాశాలు. ఒక్కో అవకాశానికి ఒక పాయింట్ పైచిలుకు వేసుకుంటే నాలుగైదు పాయింట్లు. ఇప్పుడు రెండో వైపు చూడండి. లోపల ఇరుకైపోవడం వల్ల ప్రతి అవకాశంలో 0.05 పాయింట్ తగ్గిందనుకుందాం. వినడానికి అది ఏమీ కాదు. కానీ మ్యాచ్‌లో 95 అవకాశాలు ఉంటే దాదాపు అయిదు పాయింట్లు పోతాయి. వచ్చింది వచ్చినట్టే పోయింది. ఇంత సన్నని గీత మీద నడిచే ఆలోచన ఇది. అందుకే ఎవరైనా ఇద్దరు బిగ్‌లు ఎప్పుడూ తప్పే అన్నా, ఎప్పుడూ ఒప్పే అన్నా నేను నమ్మను.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన స్కూళ్లలో, కాలేజీ గ్రౌండ్లలో పొడుగ్గా ఉన్న ఇద్దరిని చూడగానే రింగ్ కింద నిలబెడతారు. అక్కడ అది మంచి నిర్ణయమే, ఎందుకంటే ఆ స్థాయిలో బయటి నుంచి నిలకడగా త్రీలు వేసేవాళ్లు తక్కువ. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో అదే పని చేస్తే శిక్ష వెంటనే పడుతుంది.

తప్పు చాలాసార్లు బిగ్ మ్యాన్‌ది కాదు

ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇద్దరు బిగ్‌లు ఉన్న జట్టు ఓడినప్పుడు అందరి వేళ్లూ వాళ్లవైపే చూపిస్తాయి. కానీ జాగ్రత్తగా చూస్తే తాళం ఇంకోచోట తెరుచుకుని ఉంటుంది.

2015లో మెంఫిస్ గ్రిజ్లీస్ చూడండి. జాక్ రాండాల్ఫ్, మార్క్ గసోల్, ఇద్దరూ మోటుగా, బలంగా లోపల ఆడే పాతకాలం బిగ్‌లు. ఆ ఏడాది ఛాంపియన్ అయిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద రెండో రౌండ్‌లో 2-1 ఆధిక్యంలో ఉన్నారు. నాలుగో మ్యాచ్‌లో వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ తన సెంటర్ ఆండ్రూ బోగట్‌ను టోనీ అలెన్ మీద పెట్టాడు. పెట్టాడు అనడమే గానీ, బోగట్ అతని దగ్గరికి వెళ్లనే లేదు. రింగ్ దగ్గరే నిలబడ్డాడు. టోనీ అలెన్ గొప్ప డిఫెండర్, కానీ బయటి షాట్ లేదు. అతను ఖాళీగా నిలబడి ఉండగా రాండాల్ఫ్, గసోల్ చుట్టూ మనుషులు మూగారు. వారియర్స్ వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచి సిరీస్ ముగించారు. దొరికిపోయింది బిగ్ మ్యాన్ కాదు, షాట్ వేయలేని గార్డ్.

2023లో క్లీవ్‌లాండ్‌కూ ఇదే జరిగింది. నిక్స్ వాళ్లు ఐజాక్ ఓకోరోను ఖాళీగా వదిలేశారు. జారెట్ అలెన్‌కు త్రీ లేదు, మోబ్లీకి అప్పటికి నమ్మదగిన త్రీ లేదు, ఓకోరోను ఎవరూ పట్టించుకోలేదు. అయిదుగురిలో ముగ్గురిని కాయక్కర్లేకపోతే డొనొవన్ మిచెల్ ఎంత మంచి స్కోరరైనా ఏం చేస్తాడు? మూడో మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ మొత్తం స్కోరు 79.

2024లో డల్లాస్ మావెరిక్స్ చేతిలో ఓక్లహోమా ఓడినప్పుడు వాళ్లకు ఒక్కడే పెద్ద సెంటర్, హోమ్‌గ్రెన్. అయినా ఇరుకు తప్పలేదు. డల్లాస్ వాళ్లు జాష్ గిడ్డీని వదిలేసి లోపల గుమిగూడారు. చివరికి గిడ్డీని బెంచ్ మీదికి పంపాల్సి వచ్చింది.

అందుకే మీ జట్టును అంచనా వేసేటప్పుడు మొదట బిగ్‌లను చూడకండి. మిగతా ముగ్గురిని చూడండి. ఆ ముగ్గురిలో ఒక్కడిని వదిలేసినా నష్టం లేదని ప్రత్యర్థి అనుకునే పరిస్థితి ఉంటే, ఇద్దరు బిగ్‌లను కలిపి ఆడించడం అప్పటికే కష్టమైపోయింది. ఇద్దరిలో ఒక బిగ్ మాత్రమే షూటర్ కాకపోతే, మిగతా నలుగురూ షూటర్లయితే, ప్రాణం నిలుస్తుంది.

ఓక్లహోమా ఎంచుకున్న దారి

2024 ఓటమి తర్వాత ఓక్లహోమా రెండు పనులు చేసింది. గిడ్డీని షికాగోకు ఇచ్చి అలెక్స్ కరూసోను తెచ్చుకుంది. అదే వేసవిలో హార్టెన్‌స్టీన్‌తో మూడేళ్లకు 8 కోట్ల 70 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. చాలామంది రెండో పనినే గుర్తుపెట్టుకుంటారు. నా దృష్టిలో మొదటిదే కీలకం. రెండో బిగ్‌ను తెచ్చుకోకముందే, ఖాళీగా వదిలేయగలిగే మనిషిని అయిదుగురిలోంచి తీసేశారు.

ఇద్దరు బిగ్‌లు కూడా ఒకే అచ్చులో పోసినవాళ్లు కాదు. హోమ్‌గ్రెన్ ఏడడుగుల పైన ఉన్నా సన్నగా ఉంటాడు, త్రీలు వేస్తాడు, డ్రిబుల్ చేసుకుంటూ లోపలికి వెళ్తాడు. హార్టెన్‌స్టీన్ గట్టి మనిషి, స్క్రీన్లు పెడతాడు (డిఫెండర్ దారికి అడ్డు నిలుస్తాడు), ఫ్రీత్రో గీత (ఫౌల్ తర్వాత ఉచిత షాట్ వేసే చోటు) దగ్గర బంతి అందుకుని పాస్ ఇస్తాడు, లేదా అక్కడి నుంచే మెల్లగా తేలే ఫ్లోటర్ వేస్తాడు. షూటర్ కాకపోయినా అతను రింగ్ కింద కూరుకుపోయే రకం కాదు. అతను ఫ్రీత్రో గీత దగ్గర ఉంటే అతన్ని కాసేవాడూ అక్కడికి రావాల్సిందే. ఆ రెండు అడుగుల ఖాళీ చాలు జట్టు ప్రధాన స్కోరర్ షై గిల్జస్-అలెగ్జాండర్‌కు.

ఇక్కడ ఒక ఇబ్బంది కూడా ఉంది. హార్టెన్‌స్టీన్ సీజన్‌కు ముందే చేయి విరగ్గొట్టుకున్నాడు, హోమ్‌గ్రెన్ నవంబర్‌లో తుంటి ఎముక గాయంతో పడ్డాడు. ఇద్దరూ కలిసి ఆడటం 2025 ఫిబ్రవరిలో గానీ మొదలుకాలేదు. అంటే రెండు నెలల పరిచయంతో ప్లేఆఫ్స్‌కు వెళ్లారు. అయినా రెండో రౌండ్‌లో మహా సెంటర్ నికోలా యోకిచ్ ఉన్న డెన్వర్ మీద ఈ జోడీ విలువ కనిపించింది. డెన్వర్ కూడా ఊరుకోలేదు. జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా చోటును కాసే పద్ధతి) వేసి లోపల దారి మూసింది, సిరీస్ ఏడో మ్యాచ్ దాకా లాగింది. ఆ ఏడో మ్యాచ్‌లో కోచ్ మార్క్ డెయిగ్‌నాల్ట్ చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. యోకిచ్ మీదికి ఆరడుగుల అయిదు అంగుళాల కరూసోను పంపాడు. వెనక రింగ్ దగ్గర పొడగరులు ఉన్నారన్న ధైర్యంతో కరూసో యోకిచ్‌కు బంతి అందకుండా ముందు నిలబడి పోట్లాడాడు. స్కోరు 125-93.

ఫైనల్స్‌లో ఇండియానా పేసర్స్ ఎదురైంది. అయిదుగురూ బయట విస్తరించి, పరుగులు తీస్తూ ఆడే జట్టు. సెంటర్ మైల్స్ టర్నర్ కూడా త్రీలు వేస్తాడు. డెయిగ్‌నాల్ట్ మొదటి మ్యాచ్‌కే హార్టెన్‌స్టీన్‌ను పక్కన పెట్టి కేసన్ వాలెస్‌తో మొదలుపెట్టాడు. అప్పటిదాకా గెలిపించిన అయిదుగురిని ఫైనల్స్ మొదటి రోజునే మార్చాడని విమర్శలు వచ్చాయి. ఆ మ్యాచ్ ఒక్క పాయింట్ తేడాతో, టైరీస్ హాలిబర్టన్ ఆఖరి క్షణంలో వేసిన షాట్‌తో పోయింది. మూడు మ్యాచ్‌లకు 2-1తో వెనకబడ్డాక నాలుగో మ్యాచ్‌లో హార్టెన్‌స్టీన్‌ను మళ్లీ మొదటి అయిదుగురిలోకి తెచ్చాడు. 111-104తో గెలిచారు. చివరికి ఏడో మ్యాచ్‌లో హోమ్‌గ్రెన్ అయిదు షాట్లు బ్లాక్ చేశాడు, కప్పు వచ్చింది.

ఈ సిరీస్ చూసి ఇద్దరు బిగ్‌లే గెలిపించారని అనడం తప్పు. ఒక్క బిగ్‌తోనే గెలిచారని అనడమూ తప్పే. ఏ రోజు ఏది కావాలంటే అది తీసుకునే వీలు వాళ్లకు ఉంది. వాలెస్, కరూసో లాంటివాళ్లు బెంచ్ మీద ఉండబట్టే హార్టెన్‌స్టీన్‌ను పక్కన పెట్టే ధైర్యం కోచ్‌కు వచ్చింది. బెంచ్ మీద అంత నాణ్యత లేని జట్టు ఇదే పని చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

2020లో లేకర్స్ కూడా ఇదే దారిలో నడిచింది. సీజన్ అంతా ఆంథనీ డేవిస్ పక్కన జవేల్ మెక్‌గీ గానీ డ్వైట్ హోవర్డ్ గానీ సెంటర్‌గా ఆడారు. రెండో రౌండ్‌లో హ్యూస్టన్ రాకెట్స్ ఎదురైంది. ఆరడుగుల అయిదు అంగుళాల పీజే టక్కర్‌ను సెంటర్‌గా పెట్టి అందరితో త్రీలు వేయించే జట్టు. మొదటి మ్యాచ్ ఓడగానే లేకర్స్ పొడుగు సెంటర్లను తగ్గించేసింది, తర్వాత నాలుగూ వరుసగా గెలిచింది. మళ్లీ డెన్వర్ మీద యోకిచ్‌ను గుద్దుకోవడానికి హోవర్డ్ కావాల్సి వచ్చాడు, అతను తిరిగి మొదటి అయిదుగురిలోకి వచ్చాడు. ఫైనల్స్‌లో మయామి మీద ఆరో మ్యాచ్‌లో కోచ్ ఫ్రాంక్ వోగెల్ హోవర్డ్‌ను తీసేసి కరూసోతో మొదలుపెట్టాడు. సగం ఆట ముగిసేసరికి 64-36. అయిదేళ్ల తేడాతో రెండు ఛాంపియన్ జట్లు, రెండింటిలోనూ పొడగరికి బదులు అదే కరూసో కీలకమైన పనికి దిగడం నాకు భలే నచ్చిన సంగతి.

మిన్నెసోటా: ఇద్దరినీ నమ్ముకుని చివరి దాకా

ఇంకో దారి, ఇద్దరినీ మొదటి నుంచి చివరి వరకు నమ్ముకోవడం. 2022 వేసవిలో మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ రూడీ గోబేర్ కోసం అయిదుగురు ఆటగాళ్లను, నాలుగు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లను (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులను) ఇచ్చేసింది. కార్ల్-ఆంథనీ టౌన్స్ పక్కన గోబేర్. అందరూ పిచ్చిపని అన్నారు. 2024లో ఆ పిచ్చిపని ఫలించింది. 56 విజయాలు, లీగ్‌లో అత్యుత్తమ డిఫెన్స్, మొదటి రౌండ్‌లో ఫీనిక్స్ మీద 4-0. తర్వాత అప్పటి ఛాంపియన్ డెన్వర్‌ను దాని సొంత కోర్టులో ఏడో మ్యాచ్‌లో 20 పాయింట్ల వెనక నుంచి వచ్చి ఓడించారు. యోకిచ్‌ను టౌన్స్ కాసేవాడు, గోబేర్ వెనక రింగ్ దగ్గర తిరుగుతూ ఉండేవాడు. యోకిచ్‌కు ఎదురుగా ఒక గోడ, దాని వెనక ఇంకో గోడ.

ఆ తర్వాత వెస్ట్ ఫైనల్స్‌లో (లీగ్‌లోని పశ్చిమ సగం జట్ల ఫైనల్) డల్లాస్. లూకా డాన్చిచ్, కైరీ అర్వింగ్ ప్రతిసారీ స్క్రీన్ పిలిపించుకుని గోబేర్‌ను బయటికి లాగారు. రెండో మ్యాచ్ ఆఖరి క్షణాల్లో డాన్చిచ్ గోబేర్ ముందు వెనక్కి అడుగేసి కొట్టిన త్రీ ఇప్పటికీ కళ్లముందే ఉంది. 109-108. ఇక దాడిలో, మిన్నెసోటా జోడీ నిలబడిందే టౌన్స్ త్రీల మీద. ఆ సిరీస్‌లో మొదటి మూడు మ్యాచ్‌లలో అతను 22 త్రీలు వేస్తే 3 పడ్డాయి. షూటర్ అయిన బిగ్ షాట్లు పడకపోతే అతను షూటర్ కాని బిగ్‌గా మారిపోతాడు. సిరీస్ 4-1తో పోయింది. ఆ శరదృతువులోనే టౌన్స్‌ను నిక్స్‌కు ఇచ్చేశారు. టౌన్స్ లేకుండా, గోబేర్ ఒక్కడితో, జూలియస్ రాండిల్‌ను పక్కన పెట్టుకుని మిన్నెసోటా 2025లో మళ్లీ అదే వెస్ట్ ఫైనల్స్‌కు చేరింది, మళ్లీ 4-1తోనే ఓడింది. అంటే జోడీని విడదీసి వాళ్లు దిగజారలేదు, ఎక్కనూ లేదు. డబ్బు మాత్రం కొంత మిగిలింది.

షూటింగ్ లేని జట్టుకు వేరే లెక్క

పైన చెప్పినదానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. షూటింగే లేని జట్టుకు ఇద్దరు బిగ్‌లు కొన్నిసార్లు మంచి మందు. ఎలాగూ మొదటి షాట్ పడదు, కనీసం రెండో అవకాశమైనా దక్కాలి కదా. 2025 మొదటి రౌండ్‌లో హ్యూస్టన్ అల్పెరెన్ షెంగూన్, స్టీవెన్ ఆడమ్స్‌ను కలిపి దింపి జోన్ డిఫెన్స్ వేసినప్పుడు వారియర్స్ నిజంగా ఇబ్బంది పడ్డారు. 3-1తో వెనకబడ్డ హ్యూస్టన్ సిరీస్‌ను ఏడో మ్యాచ్ దాకా తెచ్చింది. వారియర్స్‌కు దొరికిన విరుగుడు ఆడమ్స్‌ను కావాలని ఫౌల్ చేసి ఫ్రీత్రోలకు పంపడం.

ఇంకా పాత ఉదాహరణ, 2010 ఫైనల్స్ ఏడో మ్యాచ్. కోబీ బ్రయంట్ 24 షాట్లు వేస్తే 6 మాత్రమే పడ్డాయి. అలాంటి రోజున లేకర్స్ బోస్టన్ మీద 83-79తో ఎలా గెలిచింది? తమ మిస్‌లనే 23 సార్లు తిరిగి పట్టుకున్నారు, బోస్టన్ 8 సార్లు. పావ్ గసోల్ ఒక్కడే 18 రీబౌండ్లు. ఏడో మ్యాచ్‌ల్లో అందరి చేతులూ వణుకుతాయి, షాట్లు పడవు. అలాంటి రాత్రి రీబౌండ్‌కు ఉండే విలువ మామూలు మ్యాచ్‌లో ఉండదు.

ఫ్రీత్రో సంగతి వచ్చింది కాబట్టి, నిబంధన ఒకటి గుర్తుంచుకోండి. ప్రతి క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో బంతి దగ్గర లేనివాణ్ని కావాలని ఫౌల్ చేస్తే ఒక ఫ్రీత్రోతో పాటు బంతి కూడా తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి ఫ్రీత్రోలు రాని బిగ్‌ను ఎక్కువగా వేటాడేది క్వార్టర్ మధ్యలోనే. 2025లో బోస్టన్ మిచెల్ రాబిన్‌సన్‌ను ఇలాగే వేటాడింది. అయినా ఇండియానా మీద 2-0తో వెనకబడ్డాక నిక్స్ కోచ్ టామ్ తిబడో జోష్ హార్ట్‌ను తీసి, రాబిన్‌సన్‌ను టౌన్స్ పక్కన మొదటి అయిదుగురిలో పెట్టాడు. మూడో మ్యాచ్ గెలిచారు, సిరీస్ మాత్రం 4-2తో పోయింది. ఆ మార్పు ముందే చేసి ఉండాల్సింది అని నా నమ్మకం. ఏడాది పొడవునా వాడని జోడీని ఈస్ట్ ఫైనల్స్ మధ్యలో పరిచయం చేస్తే డిఫెన్స్ మాటలు కలవడానికి సమయం ఉండదు.

మరి మీ జట్టు ఏం చేయాలి

దారులు నాలుగు: ఇద్దరితో మొదలుపెట్టి ఇద్దరితోనే ముగించడం, ఇద్దరితో మొదలుపెట్టి ఒకరితో ముగించడం, ఇద్దరినీ అసలు కలపకుండా ఒకరి తర్వాత ఒకరిని దింపడం, ఒకరిని అమ్మేసి కోర్టు పక్కల్లో ఆడే మంచి వింగ్‌ను తెచ్చుకోవడం.

ఇద్దరిలో ఒకరు త్రీలు నిలకడగా వేస్తూ, మిగతా ముగ్గురూ షూటర్లే అయితే రెండో దారి. నాకు తెలిసి కప్పు గెలిచిన ఈ కాలపు జట్లు ఎక్కువగా నడిచింది ఇందులోనే. మొదటి, మూడో క్వార్టర్ల మొదట్లో ఇద్దరూ కలిసి రీబౌండ్లతో, ఫౌల్స్‌తో ఎదుటివాళ్లను అలసగొడతారు, చివర్లో చురుకైనవాడు ఒక్కడే సెంటర్. 2021లో ఛాంపియన్ అయిన మిల్వాకీ బక్స్‌కు కూడా ఇది తెలుసు. బ్రూక్ లోపెజ్ త్రీలు వేసే సెంటర్ అయినా, కొన్ని కీలక ఘడియల్లో అతన్ని కూర్చోబెట్టి యానిస్ అంటెటోకౌంపోను సెంటర్‌గా, పీజే టక్కర్‌ను పక్కన పెట్టి ఆడారు.

మొదటి దారి ఎదురుగా యోకిచ్ లాంటి మహా సెంటర్ ఉన్నప్పుడు మాత్రమే. అదీ ఆ ఒక్క సిరీస్‌కు. తర్వాతి రౌండ్‌లో డాన్చిచ్ లాంటివాడు వస్తే అదే అయిదుగురిని పట్టుకు వేలాడకూడదు.

ఇద్దరికీ త్రీ లేకపోతే, ఇద్దరికీ పాస్ రాకపోతే, మూడో దారే. దీనికి ఆటగాడి మనసు కూడా కావాలి. 2020 ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో డ్వైట్ హోవర్డ్ దాదాపు మొత్తం బెంచ్ మీదే కూర్చున్నాడు. ఒకప్పుడు ఎనిమిదిసార్లు ఆల్-స్టార్ అయినవాడు, ఆఖర్లో వచ్చి ఒక త్రీ వేసి కప్పు ఎత్తుకున్నాడు. మీ జట్టులో రెండో బిగ్ అలా కూర్చోవడానికి ఒప్పుకునే మనిషేనా? కోచ్‌కు అతన్ని కూర్చోబెట్టే ధైర్యం ఉందా? ఫిబ్రవరి, మార్చి నెలల్లో దగ్గరగా వెళ్లిన మ్యాచ్‌ల చివరి అయిదు నిమిషాలు చూడండి. అప్పుడు కూడా ప్రతిసారీ ఇద్దరూ కోర్టులోనే ఉంటే, మేలో కొత్తగా ఏదో నేర్చుకుంటారని ఆశ పెట్టుకోవద్దు.

నాలుగో దారి డబ్బు తెచ్చే దారి. ఇద్దరు బిగ్‌లకు పెద్ద జీతాలు ఇస్తే వింగ్‌లకు మిగలదు, ఇప్పటి జీతాల పరిమితి నిబంధనలు అలాంటి జట్లను బాగా పిండుతున్నాయి. అయినా తొందరపడి అమ్మడం నాకు ఇష్టం లేదు. మంచి బిగ్‌ను అమ్మితే దానికి సమానమైన వింగ్ సులభంగా దొరకడు.

మళ్లీ క్లీవ్‌లాండ్ దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న వాళ్లను పట్టుకున్నట్టు ఇంకెవర్నీ పట్టుకోలేదు. 2024లో మోబ్లీకి అయిదేళ్ల ఒప్పందం, అలెన్‌కు మూడేళ్ల పొడిగింపు ఇచ్చి ఇద్దరినీ ఉంచుకున్నారు. కొత్త కోచ్ కెన్నీ అట్కిన్‌సన్ వచ్చి మోబ్లీని బయటికి తెచ్చాడు, బంతి చేతికిచ్చాడు. 2024-25లో మోబ్లీ త్రీలు 37 శాతం పడ్డాయి, ఉత్తమ డిఫెండర్ అవార్డు వచ్చింది, జట్టు 64 మ్యాచ్‌లు గెలిచి లీగ్‌లోనే అత్యధిక పాయింట్లు కొట్టింది. మయామిని 4-0తో ఊడ్చేసింది. తర్వాత ఇండియానా చేతిలో 4-1. ఆ సిరీస్‌లో గాయాలు ఉన్నాయి, రెండో మ్యాచ్‌కు మోబ్లీయే లేడు. అందుకే ఆ ఓటమిని చూపించి ఇద్దరు బిగ్‌ల పద్ధతి చచ్చిపోయిందనడం అన్యాయం. 2023లో ఓడింది పద్ధతి. 2025లో ఓడింది చాలావరకు అలసిన, దెబ్బలు తిన్న జట్టు.

నన్నడిగితే అలెన్‌ను ఉంచుకోవాలి, ఇద్దరితోనే మొదలుపెట్టాలి. కానీ ఇండియానా లాంటి జట్టు ఎదురైతే చివరి ఎనిమిది నిమిషాలు మోబ్లీ ఒక్కడే సెంటర్. అలెన్ స్థానంలో ఒక పొడవాటి వింగ్. అది సిరీస్‌లో 2-0తో వెనకబడ్డాక తీసుకునే నిర్ణయం కాకూడదు. జనవరిలోనే, ఎవరూ పెద్దగా పట్టించుకోని మంగళవారం మ్యాచ్‌లలోనే, అలెన్‌కు ముందుగా చెప్పి, ఒప్పించి, అలవాటు చేయాలి.